పెద్ద టైరు - డీజిలు లెక్క

గ్రామపంచాయతీకి ఒక వాహనము కలిగినచో, దానితోపాటు ఒక లెక్కయు కలుగును. 2019 సెప్టెంబరు 6వ తేదీన పల్లె ప్రగతి కార్యక్రమము ఆరంభమైన పిదప తెలంగాణలోని గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. చెత్త తరలించుట, మొక్కలకు నీరు పోయుట, ఎండకాలమున అవసరమైన వాడలకు నీరు చేర్చుట వీనితో సాగుచున్నవి. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లోను, అటుపిమ్మట 2019లోను పలు జిల్లాలుగా ఏర్పడినను, అచటి నేల స్వభావము మారలేదు. ఎర్ర చెల్కలు, మొరం బాటలు, గుట్టల నడుమ ఎత్తుపల్లములు, వాగుల వెంట దుబ్బ, గద్వాల, ఆలంపురము వైపు నల్లరేగడి - ఇట్టి నేలపై బండి నడుచుటకు డీజిలు ఎంత పట్టునన్నది పంచాయతీ నిధులకు సంబంధించిన ప్రశ్న. అచట మిగిలిన ప్రతి రూపాయి వీధిదీపమునకో, మురుగు కాలువకో అక్కరకు వచ్చును.

పాత టైర్లు అరిగి క్రొత్తవి కొనవలసి వచ్చినప్పుడు పంచాయతీ సమావేశములలో ఒక సూచన వచ్చుట కద్దు. "ఈ తడవ ఒక సైజు పెద్దవి వేయింతము. చక్రము పెద్దదైనచో బండి తేలికగా పోవును, డీజిలు కలిసివచ్చును" అని ఒకరందురు. కొన్ని నెలల తరువాత లాగ్ బుక్కు తిరగవేసిన మరొక సభ్యుడు, "టైర్లు మార్చిన నాటినుండి డీజిలు ఎక్కువ పడుచున్నది. బండి నడుపువాడు ఏమి చేయుచున్నాడు?" అని అడుగును. మొదటి మాటలో కొంత నిజము, కొంత పొరపాటు కలవు. రెండవ మాట ఒక మనిషిపై మోపిన నింద. రెంటిని తూచి చూచుటకు కావలసిన లెక్క కష్టమైనది కాదు. బడిలో నేర్చిన గుణకారము, భాగహారము, చేతిలో ఒక కొలత టేపు ఉన్న చాలును.

ఎడ్లబండి నేర్పిన పాఠము

పెద్ద చక్రము మేలను నమ్మకము మనకు ఎడ్లబండినుండి వచ్చినది. అది ఉత్తినే పుట్టిన నమ్మకము కాదు. గుంత అడ్డువచ్చినప్పుడు చిన్న చక్రము అందులో దిగబడును, పెద్ద చక్రము దాని అంచులమీదుగా దాటిపోవును. రాయి ఎదురైనను అంతే. కావుననే మన వడ్రంగులు బాటలేని నేలకు తగినట్లు ఎత్తైన కొయ్య చక్రములు చేసి, వానికి ఇనుప పట్టాలు తొడిగిరి.

కాని రబ్బరు టైరు బండి వచ్చిన పిదప రైతులు మరొక సంగతి గమనించిరి. టైరు బండి చక్రము కొయ్య చక్రముకన్న చిన్నది. ఐనను అదే ఎడ్ల జత దానిపై ఎక్కువ బరువు లాగినది. దీనికి కారణములు రెండు. ఇరుసు వద్ద బేరింగులు ఉండుటచే రాపిడి తగ్గినది. గాలి నిండిన రబ్బరు చిన్న రాళ్లను తనలో అణచుకొని, మెత్తని నేలపై వెడల్పుగా ఆని, ఇనుప పట్టావలె గాడి కోయక సాగిపోయినది. ఇట్టి గాలి టైరును 1888లో వాడుకలోనికి తెచ్చిన జాన్ బాయిడ్ డన్లప్ వృత్తిచే పశువైద్యుడు. తన కుమారుని మూడు చక్రముల సైకిలు కుదుపు లేక నడుచుటకై ఆయన దానిని రూపొందించెను. ఆయన పేరే మన పల్లెలలో డన్లప్ బండిగా నిలిచినది.

దీనినుండి తెలియునది ఏమనగా, బండి తేలికగా నడుచుట చక్రము ఎత్తు ఒక్కదానిపై ఆధారపడి లేదు. నేల ఎంత అణగుచున్నది, చక్రము ఎంత నలుగుచున్నది, ఇరుసు ఎంత రాపిడి చెందుచున్నది అను మూడు విషయములు కలిసి దానిని నిర్ణయించును. మోటారు బండికి వచ్చునప్పటికి నాలుగవ విషయము చేరును. అది ఇంజను బలము చక్రము అంచునకు ఎట్లు చేరుచున్నదన్నది.

టైరు మీది అంకెలు

ప్రతి టైరు ప్రక్కన దాని సైజు అచ్చువేయబడి ఉండును. ట్రాక్టరు వెనుక టైరుపై 13.6-28 అని ఉన్నచో, టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళములనియు, అది కూర్చుండు రిమ్ము అడ్డుకొలత 28 అంగుళములనియు అర్థము. లారీ టైరుపై 10.00-20 అని ఉన్నచో వెడల్పు సుమారు 10 అంగుళములు, రిమ్ము 20 అంగుళములు. నడుమ గీతకు బదులు ఆర్ అను ఇంగ్లీషు అక్షరము ఉన్నచో అది రేడియల్ టైరు. లేనిచో అది వాడుకలో నైలాను టైరని పిలుచు పాత పద్ధతి టైరు.

రిమ్ము మార్చకుండ వెడల్పైన టైరు ఎక్కించినను చక్రము ఎత్తు పెరుగును. 12.4-28 తీసి 13.6-28 వేసినచో చక్రము అడ్డుకొలత నూటికి సుమారు 4 వంతులు పెరుగును. లారీకి 9.00-20 తీసి 10.00-20 వేసినచో పెరుగుదల నూటికి 3 మొదలు 4 వంతుల వరకు ఉండును. చూపునకు ఇది స్వల్పము. లెక్కలో స్వల్పము కాదు.

మీటరు ఎట్లు తప్పు చెప్పును?

లారీ, ఆటో, చిన్న సరుకుల బండి మొదలగువాని మీటరు నిజమునకు దూరమును కొలుచుట లేదు. చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో ఎంచి, చుట్టుకు ఇంత దూరమని కర్మాగారములో నిర్ణయించిన కొలతతో గుణించి చూపుచున్నది. చక్రము పెద్దదైనచో చుట్టునకు సాగు దూరము పెరుగును. మీటరునకు ఆ సంగతి తెలియదు. అది పాత కొలతతోనే లెక్కించుచు, నడచిన దూరముకన్న తక్కువ చూపును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక చిన్న సరుకుల బండి పాత టైర్లతో 1,000 కిలోమీటర్లకు 80 లీటర్ల డీజిలు వాడినదనుకొందము. అనగా లీటరుకు 12.5 కిలోమీటర్లు. తరువాత చుట్టుకొలత నూటికి 5 వంతులు ఎక్కువైన టైర్లు వేసిరి. మీటరు మరల 1,000 కిలోమీటర్లు చూపునప్పటికి 84 లీటర్లు ఖర్చైనవి. పుస్తకము ప్రకారము లీటరుకు 11.9 కిలోమీటర్లే వచ్చినవి. సభ్యులు నష్టమనుకొందురు. కాని బండి నడచినది 1,000 కాదు, 1,050 కిలోమీటర్లు. దానిని 84చే భాగించినచో మరల 12.5 వచ్చును. నష్టమే లేదు. నింద మాత్రము నడుపువానిపై పడినది.

అదే బండికి 84కు బదులు 90 లీటర్లు పట్టినవనుకొందము. పుస్తకములో లీటరుకు 11.1 కిలోమీటర్లు కనిపించును. అనగా నూటికి 11 వంతుల నష్టము. సరిచేసిన లెక్కలో 1,050ని 90చే భాగించిన 11.7 వచ్చును. నష్టము నూటికి 7 వంతులకు మించలేదు. నష్టము ఉన్నమాట నిజమే గాని, పుస్తకము చూపినంత లేదు.

దీనికి విరుద్ధమైన సంగతి కూడ కలదు. టైరు అరిగినకొలది చక్రము చిన్నదగును. లారీవారు బటను అని పిలుచు రబ్బరు గుబ్బలు 12 మిల్లీమీటర్లు అరిగినచో, 10.00-20 టైరు అడ్డుకొలత 24 మిల్లీమీటర్లు తగ్గును. అనగా నూటికి రెండు వంతులకు పైగా. అప్పుడు మీటరు నడచినదానికన్న ఎక్కువ చూపి, బండి మంచి మైలేజి ఇచ్చుచున్నట్లు భ్రమ కల్పించును. అదే సైజు క్రొత్త టైరు వేసిన నాడు ఆ భ్రమ తొలగి, మైలేజి పడిపోయినట్లు తోచును. క్రొత్త టైరు మందపు రబ్బరు ఎక్కువగా నలుగుటచే మొదట కొంత డీజిలు నిజముగానే అధికమగును. అంతమాత్రమున అరిగిన టైరును ఉంచుకొనరాదు. వానకాలమున తడిసిన రోడ్డుపై అది ప్రాణములకే ముప్పు.

కిలోమీటరుకు ఇంత అని అద్దె చెల్లించు పంచాయతీలు ఈ విషయమును మరింత జాగ్రత్తగా చూడవలెను. నిర్ణీత సైజుకన్న చిన్న టైర్లు గల బండి మీటరు నడవని దూరమునకు కూడ సొమ్ము కోరును.

ఇంజను బలము, చక్రము అంచు

ఇక నిజమైన లాభనష్టముల సంగతి. గడ్డపారతో బండను కదల్చువారికి ఒక నియమము తెలిసినదే. కదలిక ఎక్కువైన చోట బలము తక్కువ, బలము ఎక్కువైన చోట కదలిక తక్కువ. ఇంజను బలము ఇరుసును త్రిప్పును. ఆ బలము నేలను తోయునది చక్రము అంచు వద్ద. ఇరుసునుండి అంచు ఎంత దూరమైన, తోపుడు అంత తగ్గును. చక్రము నూటికి 5 వంతులు పెద్దదైనచో ఒక్కొక్క చుట్టునకు బండి 5 వంతులు ఎక్కువ సాగును, తోపుడు సుమారు 5 వంతులు తగ్గును. ఇది గేరు మార్చినట్లే.

బరువు తక్కువగా ఉండి, చదునైన రోడ్డుపై ఒకే వేగమున పోవు బండికి ఇది మేలు చేయవచ్చును. హైదరాబాదునుండి జడ్చర్ల మీదుగా బెంగళూరు పోవు 44వ జాతీయ రహదారిపైనను, సూర్యాపేట మీదుగా విజయవాడ పోవు 65వ జాతీయ రహదారిపైనను అట్టి ప్రయాణము సాధ్యము. ఇంజను కొంచెము నెమ్మదిగా తిరిగి అదే దూరము సాగించును. కాని మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, హుజూరునగరము ప్రాంతమునుండి సిమెంటు, నల్లగొండ తోటలనుండి బత్తాయి నిండుగా ఎత్తుకొని పోవు లారీకి సంగతి వేరు. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలము వైపు ఘాటు ఎక్కు బండికి సంగతి మరింత వేరు. తోపుడు చాలక నడుపువాడు క్రింది గేరులో ఎక్కువసేపు నడుపవలసి వచ్చును. కలిసివచ్చినదనుకొన్న డీజిలు అచట ఖర్చగును.

పంచాయతీ బండి చేయు పని ఈ రెంటికన్న భిన్నమైనది. అది ఇంటింటి ముందు ఆగును, మరల కదలును. ఆగి కదలిన ప్రతిసారి చక్రములను నిశ్చల స్థితినుండి త్రిప్పవలెను. పెద్ద టైరు బరువు ఎక్కువ. ఆ బరువు చక్రము అంచున ఉండుటచే దానిని త్రిప్పుటకు మరింత శక్తి కావలెను. ఇట్టి పనికి పెద్ద టైరు వలన డీజిలు పెరుగునేగాని తగ్గదు.

ఇదే నియమము బ్రేకులకును వర్తించును. ఇరుసు వద్ద పట్టిన బ్రేకు బలము పెద్ద చక్రము అంచునకు చేరునప్పటికి తగ్గును. బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. ఎత్తు పెరిగిన బండి మలుపులలో ఎక్కువగా ఒరుగును. కూలీలను, పిల్లలను దాటుకొనుచు ఊరి నడుమ నడుచు బండికి ఇది చిన్న విషయము కాదు.

నేలను బట్టి లాగుడు

మంచి తారురోడ్డుపై గాలి సరిగా ఉన్న టైరు బండి కదలుటకు టన్ను బరువునకు సుమారు 10 కిలోల లాగుడు చాలును. వదులు దుబ్బలో, ఇసుకలో అది పదిరెట్లకు, అంతకు పైగా పెరుగును. ఇరువది అడుగులు సాగునప్పటికి ఒక అడుగు ఎత్తెక్కు మెరకపై టన్నుకు 50 కిలోల లాగుడు అదనముగా కావలెను. అనగా ఆ మెరకపై తారురోడ్డయినను చదునుపై కావలసినదానికి ఆరు రెట్ల లాగుడు అవసరము.

ఈ అంకెలు చూచినచో పెద్ద టైరు ఎచట ఉపకరించునో స్పష్టమగును. దుబ్బలో, బురద చేనులో పెద్ద, వెడల్పు టైరు తక్కువగా దిగబడును, తక్కువగా జారును. అచట దాని లాభము నిజమైనది. తారు, సిమెంటు రోడ్లపై ఆ లాభము అత్యల్పము. పంచాయతీ బండి నెలలో ఎక్కువ భాగము ఏ నేలపై నడుచుచున్నదో సభ్యులకు తెలిసినదే. ఊరిలోని సిమెంటు వీధులు, డంపింగు యార్డునకు పోవు మొరం బాట, నర్సరీకి పోవు దారి - ఇవియే దాని ప్రపంచము. ఒక్క వాగు దాటుటకై ఏడాది పొడవునా పెద్ద టైర్లను మోయుట లాభసాటి కాదు. ఆ డబ్బుతో వాగు దారిన నాలుగు ట్రాలీల మొరం పోయించుట మేలు.

ట్రాక్టరు విషయము

ట్రాక్టరు లెక్క మరొక తీరున తప్పును. దానికి సాధారణముగా ఉండునది గంటల మీటరు. అది ఇంజను నడకను బట్టి నడుచును, చక్రమును బట్టి కాదు. పెద్ద టైర్లు వేసినచో మీటరు తప్పదు గాని, గంటలో సాగు దూరము మారును.

పాత టైర్లతో ఎనిమిది ట్యాంకర్ల నీరు చేర్చుటకు 5 గంటలు, 15 లీటర్లు పట్టినవనుకొందము. గంటకు 3 లీటర్లు. క్రొత్త టైర్లతో అదే పని నాలుగున్నర గంటలలో, అదే 15 లీటర్లతో ముగిసినది. గంటకు 3.3 లీటర్లు. గంటల లెక్క చూచినచో ఖర్చు పెరిగినట్లు కనిపించును. పని లెక్క చూచినచో పెరగలేదు. కావున పంచాయతీ ట్రాక్టరునకు గంటకు ఎన్ని లీటర్లన్నది సరియైన కొలమానము కాదు. లీటరునకు ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని ట్రాలీలు, ఎంత దూరము చేరినవన్నదే కొలమానము.

దున్నుటకై వెనుక టైర్లలో నీరు నింపుట వాడుక కలదు. చేనులో చక్రము జారకుండుటకు అది మంచిదే. రోడ్డుపై ట్రాలీ లాగు ట్రాక్టరునకు ఆ బరువు అవసరమునకు మించి ఉన్నచో వృథా భారము. నాలుగు చక్రములకు బలము పోవు ట్రాక్టరునకు వెనుక టైర్లు మాత్రమే పెద్దవి వేయుట అసలు తగదు. ముందు, వెనుక చక్రముల పొందిక చెడి, టైర్లు త్వరగా అరుగును, గేర్లపై వత్తిడి పడును.

ఖర్చులేని పొదుపు

డీజిలు తగ్గించు కోరిక గల పంచాయతీ టైరు సైజును గాక, టైరులోని గాలిని ముందు చూడవలెను. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకు నలిగి వేడెక్కును. ఆ వేడి మనము కొన్న డీజిలే. కార్ల విషయమున అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ చెప్పు లెక్క ప్రకారము, నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి సగటున ఒక పౌను తగ్గినచో మైలేజి నూటికి 0.2 వంతు తగ్గును. పది పౌన్లు తగ్గిన బండికి నూటికి 2 వంతుల నష్టమన్నమాట. బరువు బండ్లకు అంకె వేరైనను దారి అదియే. ఎండకాలమున గాలి తక్కువైన టైరు పగులుటయు కలదు.

టైరును కాలితో తన్నియో, రాతితో కొట్టియో గాలి చాలునని నిర్ణయించుట సరికాదు. గేజితో చూడవలెను. ఉదయము, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడవలెను. లారీలకు, సరుకుల బండ్లకు అదే సైజులో రేడియల్ టైరు దొరికినచో, నైలాను టైరుకన్న అది తక్కువగా వేడెక్కి రోడ్డుపై కొంత డీజిలు మిగుల్చును. ఒకే ఇరుసుపై రెండు రకములు కలుపరాదు.

చట్టము చెప్పునది

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును తేడా వచ్చునట్లు వాహనమును మార్చుటకు యజమానికి హక్కు లేదు. అదే చట్టము 58వ సెక్షను రవాణా వాహనముల ఇరుసులకు గల టైర్ల సంఖ్య, రకము, సైజు రికార్డులో వ్రాయవలెనని చెప్పుచున్నది. బండి ఎంత బరువు మోయవచ్చునన్న నిర్ణయము ఆ వివరములతో ముడిపడి ఉన్నది. పెద్ద టైరు వేసినంతనే ఎక్కువ బరువు ఎత్తు అధికారము రాదు. ఇరుసు, కమానులు, బ్రేకులు పాతవియే కదా! కావున సైజు మార్చదలచినచో తయారీదారు పుస్తకములో ఆ సైజు ఉన్నదేమో చూచి, రవాణా శాఖ కార్యాలయమున విచారించిన తరువాతనే తీర్మానము చేయవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. టైర్లు కొను తీర్మానములో సైజు, రకము, క్రొత్త టైర్లు వేసిన తేదీ, ఆనాటి మీటరు అంకె వ్రాయవలెను.

2. పాత టైర్లు తీయకముందు ఒకసారి, క్రొత్తవి వేసిన పిదప ఒకసారి చుట్టుకొలత తీయవలెను. గాలి సరిచేసి, చదును నేలపై టైరు క్రింది భాగమునను నేలపైనను సుద్దతో గీత గీయవలెను. చక్రము సరిగా ఐదు చుట్లు తిరుగువరకు బండిని నడిపి, మరల నేలపై గీత గీసి, నడుమ దూరమును ఐదుచే భాగించినచో ఒక చుట్టు దూరము తెలియును.

3. క్రొత్త దూరమును పాత దూరముచే భాగించగా వచ్చిన అంకెను లాగ్ బుక్కు మొదటి పుటలో వ్రాసి, మీటరు దూరమును దానితో గుణించిన తరువాతనే మైలేజి కట్టవలెను.

4. ట్రాక్టరునకు గంటలతోపాటు ట్యాంకర్లు, ట్రాలీలు, పోయివచ్చిన చోట్లు నమోదు చేయవలెను.

5. ఒక రోజు, ఒక ట్యాంకు డీజిలు చూచి తీర్పు చెప్పరాదు. ట్యాంకు నిండుగా పోయించి మొదలిడి, అదే పనిపై కొన్ని వారములు నడిపి, మరల నిండుగా పోయించి లెక్క చూడవలెను.

6. వారమునకు ఒకసారి గేజితో గాలి చూచి, ఆ అంకెను పుస్తకములో వ్రాయవలెను.

ఈ పనులకు కొలత టేపు, సుద్దముక్క, గాలి గేజి మించిన సాధనములు అక్కరలేదు. వీని వలన పంచాయతీకి రెండు మేళ్లు కలుగును. నిజముగా డీజిలు ప్రక్కదారి పట్టుచున్నచో అది టైర్ల మాటున దాగజాలదు. అట్లే స్వల్ప వేతనమునకు తెల్లవారుజామున లేచి ఊరి చెత్త తరలించు కార్మికుడు, తాను చేయని తప్పునకు గ్రామసభ ఎదుట తలవంచవలసిన అవసరము ఉండదు. సభ్యులు రాబోవు సమావేశమున తమ ఊరి బండి టైరు సైజును, రిజిస్ట్రేషను పత్రములోని సైజుతో ఒకసారి పోల్చి చూతురు గాక.